నన్ను చూసి కొన్న పొడి

పాల్వంచ బస్టాండు వెనక బజారులో మన్సూర్ వనమూలికల దుకాణం పొద్దున ఆరింటికే తెరుచుకుంటుంది. ఆ రోజు కూడా షట్టరు ఎత్తింది గులాబ్ బీయే. మెట్లు ఊడ్చి, ముందర నీళ్ళు చల్లి, లోపల చాప పరుచుకుని కూర్చుంది. స్టీలు బేసినులో మోకాళ్ళ పొడి, పక్కన కత్తిరించి పెట్టిన కాగితాలు. చెంచాడు పొడి కాగితంలో వేసి, నాలుగు మడతలు పెట్టి బుట్టలో పడేయడం. మూడేళ్ళుగా ఆమెకు తెల్లవారేది ఈ పనితోనే.

"అమ్మీ, అది సనోబర్ చేస్తది గదా. నువ్వు పోయి నాష్తా చెయ్యి," అన్నాడు కొడుకు షాబాజ్, ఫోన్లోంచి తలెత్తకుండానే.

"నీ భార్య పిల్లలను బడికి తయారు చేస్తున్నది. నాకేం పనుందిరా? చేతులు ఊకె ఉంటే నాకు తోచదు."

ఆ మాటలో కాస్త గర్వం ఉంది. అరవై ఒకటో ఏట నేలమీద కూర్చుని పని చేసుకోవడం ఆమెకు చిన్న సంగతి కాదు. అంతకుముందు మంచం దిగాలంటే భర్త మన్సూర్ చేయి అందించాల్సి వచ్చేది. నమాజు కుర్చీలో కూర్చుని చదివేది. మన్సూర్ తన తండ్రి దగ్గర నేర్చుకున్న పొడినే ఆమెకూ ఇచ్చేవాడు. శొంఠి, అశ్వగంధ, తిప్పతీగ, వావిలాకు తానే ఎండబెట్టి, తానే దంచేవాడు. దానితో నొప్పి కొంత తగ్గేది, వానలు పడితే మళ్ళీ తిరగబెట్టేది.

"ఇది ఇంతవరకే చేస్తది గులాబ్. అరిగిపోయిన కీలును మళ్ళీ మొలిపించే చెట్టు ఏ అడవిలనూ లేదు," అనేవాడు. గిరాకీలతో కూడా అదే మాట. జబ్బు తన చేతిది కాదనిపిస్తే "దవాఖానాకు పోండి" అని ఉత్త చేతులతో పంపేసేవాడు. దుకాణం ఎప్పుడూ అంతంతమాత్రంగానే నడిచేది.

మన్సూర్ కళ్ళు మసకబారాక దుకాణం షాబాజ్ చేతికొచ్చింది. వచ్చిన ఏడాదికే పొడి మారింది. పాతదాన్నే ఇంకొంచెం బలంగా చేయిస్తున్నానన్నాడు. ఎవరో ఏజెంటు నెలకోసారి పెద్ద పెద్ద సంచుల్లో తెచ్చి దించిపోయేవాడు. అది వేసుకున్న నాలుగో రోజుకే గులాబ్ బీ నొప్పి మాయమైంది. నెల తిరిగేసరికి మేడ మెట్లు ఎక్కింది. పొడి పేరు మణుగూరు దాకా, భద్రాచలం అవతలి ఊళ్ళ దాకా పాకిపోయింది.

"అమ్మీ, ఒకసారి గిటు రా!" షాబాజ్ కేకేశాడు.

ఆ పిలుపు ఎందుకో ఆమెకు తెలుసు. కొంగు సర్దుకుని గల్లా దగ్గరికి వచ్చింది. బయట బొజ్జయ్య, అతని భార్య ముత్యాలు నిలబడి ఉన్నారు. మణుగూరు దాటి అడవి లోపలి ఊరు వాళ్ళది. ముత్యాలుకు నలభై రెండేళ్ళుంటాయి. మిరప తోటల్లో వంగి వంగి మోకాళ్ళు పోయాయి. ఏడాదిన్నరగా ఈ పొడి వాడుతోంది.

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయి గులాబమ్మా. గని ఈ నడుమ తొంటి కాడ గుంజుతున్నది. మాపటికి అడుగు పడతలేదు," అంది ముత్యాలు.

"నీరసం బిడ్డా. విడవకుండ వాడు, అదీ పోతది. నన్ను చూడు!" గులాబ్ బీ అక్కడే గచ్చు మీద బాసిపట్టు వేసి కూర్చుని, చేయి ఆనించకుండా లేచి నిలబడింది. "మూడేండ్ల కింద నన్ను ఇద్దరు లేపేటోళ్ళు. నేను వాడేది గిదే పొడి. మా ఇంట్ల వాడనిది నీకెందుకిస్త?"

ముత్యాలు నవ్వింది. ఆమె బుగ్గలు గుండ్రంగా నిండి ఉన్నాయి. "ఒళ్ళు జేసినవ్, మొహం కళ వచ్చింది," అని గులాబ్ బీ మెచ్చుకుంది. నెలకు సరిపడా పొట్లాలు కవరులో వేసి తన చేత్తోనే ఇచ్చింది. బిల్లు రాయడం ఆ దుకాణంలో ఎన్నడూ లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ మధ్యాహ్నమే ఆమె కూతురు సాదియా ఇంటికి సత్తుపల్లి బయలుదేరింది. మనవరాలికి బిస్మిల్లా, అక్షరాలు దిద్దించే వేడుక. పది రోజులు ఉండి రావాలనుకుంది. హడావిడిలో పొట్లాలు అల్మారాలోనే మరిచిపోయి, బస్సెక్కాక గుర్తొచ్చి కొడుక్కి ఫోను చేసింది.

"పోనీలే అమ్మీ. కొన్ని రోజులు ఆపితే మంచిదే," అన్నాడు షాబాజ్.

*

నాలుగో రోజు, ఇంటినిండా చుట్టాలున్న వేళ, మనవరాలి చేతికి పలక అందించబోతూ గులాబ్ బీ పక్కకు ఒరిగిపోయింది. రెండు రోజులుగా వాంతులు. ఎండదెబ్బ అనుకున్నారు. సత్తుపల్లిలో సెలైను పెట్టినా బీపీ లేవలేదు. సాదియా భర్త ముస్తకీమ్ కారు మాట్లాడి ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళాడు. పాల్వంచ నుంచి షాబాజ్ కూడా వచ్చి చేరాడు.

డాక్టర్ ప్రమీలారాణి కళ్ళు తెరిపించి చూసి, చేతుల మీద ఉన్న ఊదారంగు మచ్చలు చూసి, షాబాజ్ వైపు తిరిగింది.

"ఇంట్లో ఏం మందులు వాడుతున్నారు? నాటు మందు, పసరు, పొడి, ఏదైనా సరే చెప్పండి."

"ఏం లేవు మేడం. బీపీ గోళీ ఒక్కటే."

గులాబ్ బీకి ఆ మాట వినిపించింది. మరిచిపోయాడేమో అనుకుంది. చెబుదామంటే నాలుక కదల్లేదు. రెప్పలు బరువుగా ఎత్తి చూసింది. షాబాజ్ డాక్టరును చూడటం లేదు, తల్లినీ చూడటం లేదు. నేల చూస్తున్నాడు.

"అదేంటి భాయ్!" అప్పుడే లోపలికొచ్చిన సాదియా ఆగిపోయింది. "అమ్మీ రోజూ మన పొడి వేసుకుంటుంది కదా? మూడేళ్ళ నుంచి వేసుకుంటోంది మేడం. నాలుగు రోజులైంది ఆపి."

డాక్టరు ఇంకేం అడగలేదు. నర్సును పరుగెత్తించి ఇంజెక్షన్ తెప్పించింది. సాయంత్రానికి గులాబ్ బీ చాయ్ అడిగింది.

మర్నాడు డాక్టరు మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, ఆ పొడిలో స్టెరాయిడ్ గోళీలు నూరి కలిపారని నా అనుమానం. నొప్పి చప్పున పోతుంది. కానీ ఒంట్లో దానంతటదే తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తయారవ్వడం మానేస్తుంది. మీ మొహం ఉబ్బింది, చర్మం పలచబడింది, షుగరు వచ్చింది. అంతా ఇదే. ఒక్కసారిగా ఆపేశారు కాబట్టి పడిపోయారు. ఇంకో పూట ఆలస్యమైతే మీరు దక్కేవారు కాదు."

గులాబ్ బీ సంచిలో తమలపాకులు చుట్టుకొచ్చిన ఖాళీ పొడి కవరు ఒకటి దొరికింది. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఏం కలిపారో లేదు. లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు. మూలికలను నేను తప్పుపట్టనమ్మా. ఏ వైద్యమైనా, తాము మింగేది ఏమిటో తెలుసుకునే హక్కు మనిషికి ఉండాలి కదా? దీని మీద మందుల అధికారులకు చెప్పాలి. ఇది కొన్నవాళ్ళు వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు."

డాక్టరు వెళ్ళాక గులాబ్ బీ కూతురు చేయి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు."

"అమ్మీ, నువ్వు చచ్చిపోయేదానివి!"

"చావలే గదా. వాడు నా కొడుకు. ఎవడో మోసం చేసుంటడు వాణ్ని."

ఇల్లు చేరిన రాత్రే షాబాజ్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఏజెంటు ముంచేశాడని, తనకేమీ తెలియదని ప్రమాణం చేశాడు. ఉన్న సరుకంతా వాగులో పారబోసి షట్టరు దించేశాడు. గులాబ్ బీ నమ్మింది. నమ్మకపోతే బతకడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

వారం తర్వాత సాదియా వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. ఆమె గురుకుల పాఠశాలలో టీచరు. ఏది పట్టినా తేల్చుకునేదాకా వదలదు.

"నీ పేరు చెప్పకుండా హెల్ప్‌లైనుకు ఫోను చేసి అడిగానమ్మీ. వాళ్ళేమన్నారో తెలుసా? కొన్నవాళ్ళే వినియోగదారులట. నువ్వు కొనలేదు, నీ కొడుకు ఊరికే ఇచ్చాడు. చట్టం లెక్కలో నువ్వు గిరాకీవే కాదు."

"మంచిదే అయింది. నాకు కేసు వద్దు, ఏమొద్దు."

"మరి కొన్నవాళ్ళ మాటేమిటి? నీ చేత్తో పొట్లాలు కట్టిచ్చావే, వాళ్ళు?"

గులాబ్ బీ మొహం గోడకు తిప్పుకుంది. సాదియా చాయ్ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయింది.

*

షట్టరు దించిన ఇరవయ్యో రోజు పొద్దున ఇంటి ముందు ఆటో ఆగింది. బొజ్జయ్య వంగి, భార్యను వీపున ఎత్తుకుని వచ్చి వరండాలో మంచం మీద దించాడు.

"దుకాణం మూసిండ్రేంది గులాబమ్మా? మూడుసార్లొచ్చి మళ్ళిపోయిన. అందుకే ఇల్లడుక్కుంట వచ్చినం," అన్నాడు రొప్పుతూ.

"ఒక్కటే పొట్లం మిగిలిందమ్మా," ముత్యాలు కొంగుముడి విప్పి చూపించింది. "తొంటి అసలే పనిచేస్తలేదు. దాని సంగతి తర్వాత జూసుకుంట. ఇంకో నెలకు ఇయ్యి. మిరప ఏరుడు మొదలైతది. ఇది లేకుంటే నేను మంచంలకెల్లి కూడా లేవలేను."

గులాబ్ బీ ఆమె మొహం చూసింది. గుండ్రటి బుగ్గలు, ఉబ్బిన రెప్పలు, ఎర్రగా మెరిసే చర్మం. దవాఖానా బాత్రూం అద్దంలో పొద్దున పొద్దునే తను చూసుకున్న మొహం ఇదే. తల్లి వేరు, ఇల్లు వేరు, తినే తిండి వేరు, మొహం మాత్రం ఒక్కటే. వంగి ఆమె రవిక చేతులు పైకి జరిపింది. అవే ఊదారంగు మచ్చలు.

లోపలి నుంచి షాబాజ్ వచ్చాడు. "స్టాకు లేదు. ఇక రాదు కూడా. వేరే కాడ చూపించుకోండి, పోండి."

"ఆగు," అంది గులాబ్ బీ.

"అమ్మీ, నువ్వు లోపలికి రా." ఆమె మోచేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. మూలన మంచం మీద మన్సూర్ తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుని ఉన్నాడు. వంటింటి గడప మీద సనోబర్ నిలబడింది.

"ఏం చెప్పబోతున్నవ్ వాళ్ళకు?" గొంతు తగ్గించి అడిగాడు షాబాజ్.

"నాకు డాక్టరమ్మ చెప్పిందే చెప్త. రేపటితో ఆమె పొడి అయిపోతది. నాలుగో రోజు పడిపోతది. నేను దవాఖానాకు దారి ఉన్న ఊర్ల పడ్డ. ఆమె అడవిల పడతది."

"చెప్తే నన్ను నీ చేత్తో జైలుకు తోసినట్టే. దవాఖానాకు పొమ్మన్న గదా! చాలదా?"

"ఎందుకు పోవాలో చెప్పకుంటే ఎవరు పోతరు? నన్ను దవాఖానాల పెట్టినప్పుడు కూడ నువ్వు ఏం లేదనే అన్నవ్. నేను విన్న." ఆ మాట ఇన్నాళ్ళూ నోట్లోనే దాచుకుంది. "నీకు తెలియదన్నవ్ గదా. తెలియనోనివి ఎందుకు దాచినవ్?"

"భయమేసింది అమ్మీ. ఒట్టు, నాకు..."

"ఆయనకు తెలుసు," అంది సనోబర్.

అందరూ ఆమె వైపు తిరిగారు. సనోబర్ ఏడుస్తోంది.

"రెండేండ్ల కింద మా అమ్మకు మోకాళ్ళు నొస్తున్నయంటే ఈ పొడి పంపుదామనుకున్న. వద్దన్నడు. మూడు నెలలకు మించి వాడొద్దని ఏజెంటు చెప్పిండు, మీ అమ్మకు మాత్రం పంపకు అన్నడు. మీరు వాడుతుండ్రు కదా అంటే, అమ్మీకి నేను మెల్లగ చెప్త అన్నడు."

 బయట ఆటో ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది.

"చెబుదామనే అనుకున్న," అన్నాడు షాబాజ్ చివరికి. "అప్పటికే ఏడాదైంది నువ్వు వాడబట్టి. ఆపితే నొప్పి రెండింతలైతదని ఏజెంటు అన్నడు. నువ్వు మళ్ళ మంచాన పడితే..."

"నేను మంచాన పడితే పొడి ఎవరు కొంటరు?" అంది గులాబ్ బీ.



ఆమె భర్త వైపు చూసింది. మన్సూర్ తస్బీ ఆపేశాడు. "నన్నూ అడుగు గులాబ్," అన్నాడు. "అండ్ల ఏం కలిపిండో నాకు తెలియదు. అది నా పొడి కాదని మాత్రం మొదటి దినమే వాసనకు తెలిసింది. శొంఠి లేదు, వావిలాకు లేదు. యాభై ఏండ్లు చేసిన పని, నాకు తెలియదా? కొడుకు పైకొస్తున్నడు, నువ్వు నడుస్తున్నవ్. అడగబుద్ధి కాలే."

గులాబ్ బీ గోడ పట్టుకుంది. ఈ ఇంట్లో ముగ్గురికీ ఎంతో కొంత తెలుసు. తెలియనిది తనకొక్కదానికే. తెలియని ఆ మనిషినే గచ్చు మీద కూర్చోబెట్టి, లేపి, వచ్చినవాళ్ళకు చూపించారు.

తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. ముత్యాలు పక్కన కూర్చుని అంతా చెప్పింది. కొడుకు పేరు దాచలేదు, తన పేరూ దాచలేదు. "ఆ పొట్లం పారెయ్యకు బిడ్డా. నీ అంతట నువ్వు ఆపకు కూడ. ఇప్పుడే ఖమ్మం పోదాం. ఎట్ల తగ్గించుకుంట రావాల్నో డాక్టరమ్మ చెప్తది."

ముత్యాలు ఆ పొట్లాన్ని మళ్ళీ కొంగున ముడేసుకుంది. తర్వాత చాలా మామూలుగా అంది, "నిన్ను చూసే కొన్న గదమ్మా."

"అవ్ బిడ్డా."

"అందరు వద్దన్నరు. ఆ ముసలామె అంత మంచిగ లేస్తున్నది, అబద్ధమెందుకు చెప్తదని నేనే అన్న."

గులాబ్ బీ ఫోను తీసి సాదియాను ఖమ్మం రమ్మంది. బురఖా వేసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి షాబాజ్ అడ్డంగా నిలబడ్డాడు.

"నీకు నీ కొడుకు కావాల్నా, ఎవరో అడవిల మనిషి కావాల్నా?"

"పక్కకు జరుగు," అంది గులాబ్ బీ. "బస్సు పోతది."

*

ముత్యాలు తుంటి ఎముక తల లోపలే చచ్చిపోయిందని తేలింది. స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే అలా జరగవచ్చని డాక్టరు చెప్పింది. కీలు మార్చాలి. ఆరోగ్య పథకం కింద పేరు రాశారు, వంతు రావడానికి నెలలు పడుతుందన్నారు. మిగిలిన ఆ ఒక్క పొట్లాన్ని మందుల అధికారులు ల్యాబుకు పంపారు. డాక్టరు అనుమానించిందే అందులో ఉంది.

వినియోగదారుల కమిషన్‌కు సాదియా ఫిర్యాదు రాసింది. ముత్యాలు వేలిముద్ర వేసింది. బిల్లు లేదు కాబట్టి పొడి ఆ దుకాణంలోనే అమ్మారని చెప్పడానికి సాక్షి కావాలి. గులాబ్ బీ సంతకం పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె సత్తుపల్లిలోనే కూతురింట్లో ఉంది. డాక్టరిచ్చిన గోళీలు కొద్దికొద్దిగా తగ్గుతుంటే మోకాళ్ళ నొప్పి తిరిగొచ్చింది. మళ్ళీ కుర్చీలోనే నమాజు.

నోటీసుకు షాబాజ్ తరఫు జవాబు వచ్చింది. సాదియా చదువుతూ చదువుతూ మధ్యలో ఆపేసింది.

"చదువు," అంది తల్లి.

"ఆ పొడి తామెప్పుడూ అమ్మలేదట. ఇంకా... సాక్షి అయిన తల్లికి జబ్బు తర్వాత మతి స్థిమితం తప్పిందట. ఆమె మాట చెల్లదట."

గులాబ్ బీ ఆ కాగితం తీసుకుని చివర ఉన్న సంతకం మీద వేలు పెట్టింది. పలక మీద వాడి వేళ్ళు పట్టుకుని ఆ పేరు మొదట రాయించింది తనే. "ఈ సంతకం వానిదే," అంది.  ఆ పూట అన్నం తినలేదు.

విచారణ రోజు ఖమ్మంలో కమిషన్ మెట్ల దగ్గర బొజ్జయ్య భార్యను వీపున ఎక్కించుకున్నాడు. వెనక గులాబ్ బీ ఆమె ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ ఎక్కింది. వరండాలో వకీలు పక్కన నిలబడ్డ షాబాజ్ చూశాడు. మేడ మెట్లు పరుగున ఎక్కిన తల్లి అలా ఎక్కడం ఆ పొడి మొదలుపెట్టాక అతను చూడలేదు.

లోపల షాబాజ్ వకీలు లేచి గులాబ్ బీని ఈ రోజు తేదీ ఎంత, వారమేమిటి, పొద్దున ఏం తిన్నారు అని అడిగాడు. అన్నిటికీ చెప్పింది. పెద్ద కుర్చీలో ఉన్న కమిషన్ అధ్యక్షురాలు అడిగింది: "అమ్మా, ఈ పొడి తమ దుకాణంలో అమ్మలేదని మీ అబ్బాయి అంటున్నారు. మీరేమంటారు?"

"అమ్మింది వాడొక్కడే కాదు మేడం," అంది గులాబ్ బీ. "నేను కూడ అమ్మిన. ఈ బిడ్డ ముందల కింద కూసుండి లేచి, నన్ను చూసి కొను అని అమ్మిన. అండ్ల ఏమున్నదో నేను అడగలే. అడగకపోవుడు నా తప్పు. వాని పేరు పక్కన నా పేరు కూడ రాసుకోండి."

 అధ్యక్షురాలు రాస్తున్న కలం ఆపింది.

"రాయకండి మేడం!" షాబాజ్ లేచి అరిచాడు. వకీలు భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. విదిలించుకున్నాడు. "ఆమెకేం తెలియదు. నాకు తెలుసు. ఆ జవాబు అబద్ధం. మా అమ్మకు మతి మంచిగనే ఉన్నది."

*

తీర్పు ముత్యాలు పక్షాన వచ్చింది. నష్టపరిహారం కోసం షాబాజ్ దుకాణం గది ఖాళీ చేసి అద్దె అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాడు, పొడి డబ్బుతో కొన్న కారు అమ్మాడు. మందుల అధికారులు పెట్టిన కేసు వేరేగా నడుస్తూనే ఉంది. ఏజెంటు గురించి తనకు తెలిసిందంతా చెప్పాడు. ఏజెంటు ఫోను మాత్రం ఆ రోజు నుంచి మూగబోయింది. వేరే ఊళ్ళో, వేరే పేరుతో, ఆ సంచులు ఇంకెవరి దుకాణంలో దిగుతున్నాయో ఎవరికీ తెలియదు.

ముత్యాలుకు ఆపరేషన్ అయింది. దవాఖానా నుంచి ఇంటికి పంపే రోజు షాబాజ్ ఎవరిదో జీపు అడిగి తెచ్చాడు. తల్లి అతని పక్కన కూర్చోకుండా వెనక ముత్యాలు దగ్గర కూర్చుంది. మణుగూరు దాటాక బొగ్గు లారీల దుమ్ము పోయి అడవి మొదలైంది. తారు రోడ్డు అయిపోయిన చోట నుంచి జీపు కుదుపులకు ముత్యాలు పళ్ళ బిగువున మూలిగింది. గులాబ్ బీ దారి పొడుగునా ఆమె తొడ కింద తన చేయి పెట్టి ఉంచింది.

ఇంటి ముందు దించారు. ముత్యాలు చేతికర్ర ఊతంతో నాలుగడుగులు వేసి మంచం మీద కూలబడింది. నడుస్తుంది. కానీ కింద కూర్చోవడం, వంగడం ఆమె వల్ల కాదు. మిరప చేలో పని ఇక కుదరదు.

షాబాజ్ మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అక్కా, తప్పు చేసిన. మాఫ్ చేసిన అని ఒక్క మాట అను."

ముత్యాలు అతన్ని కోపంగా చూడలేదు. అలసటగా చూసింది.

"చేసిన అంటే నువ్వు నిమ్మళంగ ఇంటికి పోతవ్ తమ్ముడూ. నేను గీ కర్రతోని గీడనే ఉంట గదా. ఇప్పుడే ఎట్లంట?"

షాబాజ్ తల దించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. చిన్నప్పటి నుంచీ వాడు ఏడిస్తే గులాబ్ బీ చేయి తనకు తెలియకుండానే కొంగు అందుకునేది. ఇప్పుడూ చేయి సగం లేచింది. ఆమె దాన్ని అక్కడే ఆపుకుంది.

"ఏడ్చుడు చాలు," అంది. "వాళ్ళ ఇంట్ల నీళ్ళు లేవు. బిందెలు తీస్కపో."

అతను కళ్ళు తుడుచుకుని లేచాడు. "బోరింగు ఎక్కడుంది అన్నా?" అని బొజ్జయ్యను అడిగి, రెండు బిందెలు పట్టుకుని వాకిలి దాటాడు.

కొడుకు వీపు చెట్ల మలుపులో కనుమరుగయ్యే దాకా గులాబ్ బీ చూస్తూ నిలబడింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, ముత్యాలు ఒడిలో తల పెట్టి, ఇంతకాలం ఎవరి ముందూ ఏడవని ఏడుపు ఏడ్చింది. ముత్యాలు చేయి చాలాసేపు కదల్లేదు. చివరికి మెల్లగా వచ్చి ఆమె నెరిసిన తల మీద ఆగింది.